ఏడో నంబర్ జోడీ

నోటీసు బోర్డు మీద కాగితం అంటించి రాఘవేంద్ర సారు వెనక్కి తిరిగేలోగా ఎలక్ట్రికల్ సెకండియర్ పిల్లలంతా ఆయన భుజాల మీదుగా మెడలు సాచేశారు. నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లో, లాడ్జీల మధ్య ఇరుక్కుని ఉన్న ఆ ఒకేషనల్ కాలేజీకి ఒక కంపెనీ తనంతట తాను ఉత్తరం రాయడం అదే మొదటిసారి. అదీ లిఫ్టుల కంపెనీ. నలుగురు అప్రెంటిస్‌లు కావాలట. ఏడాది శిక్షణ, నెలనెలా స్టైపెండు, పని బాగుంటే అక్కడే ఉద్యోగం. అమ్మాయిలు కూడా రావచ్చని కింద గీత గీసి మరీ రాశారు.

సారు చదివి వినిపిస్తున్నంతసేపూ నర్మద కాళ్లు నేల మీద నిలవలేదు. లిఫ్టంటే ఆమెకు పిచ్చి. కోస్గి పక్క పల్లె నుంచి పట్నం వచ్చిన కొత్తలో, పదమూడేళ్లప్పుడు, నాయనమ్మకు కళ్లు చూపించడానికి దవాఖానకు పోయి మొదటిసారి లిఫ్టెక్కింది. ఇంట్లోవాళ్లంతా గోడలు పట్టుకుని దేవుణ్ణి తలుచుకుంటుంటే నర్మద మాత్రం, ఈ డబ్బాను ఎవరు లాగుతున్నారు, ఎక్కడ నిలబడి లాగుతున్నారు, తలుపు పూర్తిగా పడకపోతే ఇది ఎందుకు కదలడం లేదు అని నాలుగు అంతస్తులూ అడుగుతూనే ఉంది. ఎవరూ చెప్పలేదు. ఆ ప్రశ్నే ఆమెను ఎలక్ట్రికల్ కోర్సులో చేర్పించింది. ఇప్పుడు జవాబు తెలిసినవాళ్లే పిలుస్తున్నారు.

అంతలో సారు చివరి వాక్యం చదివారు. మూడు వారాల తరువాత పరీక్ష పెడతారు, అందులో పని కాగితం ఎవరిది వారే చదువుకోవాలి, పని ఎవరిది వారే చేయాలి. కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. పక్కన ఎవరూ ఉండరు.

క్లాసులో చప్పుడు ఆగిపోయింది.

ఎందుకు ఆగిపోయిందో చెప్పాలంటే ఆ కాలేజీ వర్క్‌షాపు సంగతి చెప్పాలి. అక్కడ ఇరవై నాలుగు మందికి పన్నెండు వైరింగ్ బోర్డులు. కాబట్టి రాఘవేంద్ర సారు అందరినీ జోడీలు కట్టారు. మొదటి వారంలో ఒక్కొక్కరి చేతా ఇంగ్లీషు పేరా ఒకటి చదివించి, ఒక స్విచ్చు విప్పి బిగించమన్నారు. చదవగలిగినవాళ్లను ఒక పక్క, పని పట్టుబడినవాళ్లను ఇంకో పక్క నిలబెట్టి, ఇటు నుంచి ఒకరిని అటు నుంచి ఒకరిని కలిపేశారు. చదివేవాళ్లకు ‘నోరు’ అని, చేసేవాళ్లకు ‘చేయి’ అని పేరు. నోరు కాగితం చదివి తెలుగులో చెబుతుంది, చేయి వైర్లు కలుపుతుంది. పని చకచకా తెమిలిపోయేది. తనిఖీకి వచ్చిన పెద్దలు చూసి మెచ్చుకుని టీ తాగి వెళ్లేవారు. సారు మంచివాడే. పన్నెండు బోర్డులతో ఇరవై నాలుగు మందిని గట్టెక్కించాలంటే ఎవరైనా అంతకంటే ఏం చేస్తారు? కానీ రెండేళ్లు తిరిగేసరికి సగం క్లాసు కాగితం వైపు చూడటం మానేసింది, సగం క్లాసు స్క్రూడ్రైవర్ ఎటు తిప్పితే బిగుస్తుందో మర్చిపోయింది.

ఏడో నంబర్ జోడీలో చేయి నర్మద. నోరు దివ్యశ్రీ.

దివ్యశ్రీ వాళ్లది గన్‌ఫౌండ్రీ. ముత్తాత యాభై ఆరులో తెనాలి నుంచి గుమాస్తా ఉద్యోగం మీద వచ్చి అక్కడ అద్దెకు దిగిన ఇంటి పక్క వీధిలోనే ఇప్పటికీ ఉంటున్నారు. ఆ పిల్లకు అక్షరం కనబడితే చాలు, నోరు ఆగదు. బస్సు టికెట్టు వెనక ఉన్న ప్రకటన కూడా వదలదు. రాఘవేంద్ర సారు పొదుపరి. పని కాగితాలను పాత ప్రశ్నపత్రాల వెనక జిరాక్సు తీసేవారు. వెనక పక్క ఉండేది ఎప్పుడూ చెత్తే కాబట్టి క్లాసులో ఎవరూ కాగితం తిప్పి చూసిన పాపాన పోలేదు. దివ్యశ్రీ ఒక్కతే తిప్పేది. నర్మద మోటారు కింద పడుకుని చెమటలు కక్కుతుంటే, పైనుంచి నిరుటి సివిక్స్ ప్రశ్నలు రాగం తీసి చదివి నవ్వించేది. ఇక కరెంటు సంగతంటారా, ఆరో తరగతిలో ఇస్త్రీపెట్టె షాక్ కొట్టినప్పటి నుంచి ఆమె ప్లగ్గు పెట్టాలన్నా చెప్పులు తొడుక్కుంటుంది. కంప్యూటర్ కోర్సులో సీటు దొరక్క ఇందులో పడింది. ఆ మొదటి వారం తరువాత ఒక్క స్క్రూ విప్పలేదు.

నర్మద కథ దీనికి సరిగ్గా తిరగేసినట్టు. ఇంగ్లీషు అక్షరాలన్నీ వచ్చు, విడివిడిగా. నాలుగు కలిస్తే నత్తి, ఎనిమిది కలిస్తే చీకటి. టెర్మినల్, కాంటాక్ట్, షార్ట్, ఫేజ్ అని రోజుకు వందసార్లు నోటితో అంటుంది గానీ అవే మాటలు అచ్చులో ఎదురైతే గుర్తుపట్టదు.

ఆ రోజు సాయంత్రం ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. నర్మద పేరివ్వనంది. మూడు వారాల్లో చదువు రావడానికి ఇదేమన్నా వేయగానే పనిచేసే సిమ్‌కార్డా అంది. దివ్యశ్రీ తన చేతుల్ని చూసుకుంది. మెత్తని చేతులు, ఒక్క గీటు లేదు.

“నాకు మాత్రం సర్టిఫికెట్ ఉంటే ఏం లాభమే? రేపు ఎవరైనా ఫ్యాను బిగించమంటే నిన్ను పిలవాలి,” అంది. “మార్చుకుందాం. ఈ మూడు వారాలు నువ్వే నోరు, నేనే చేయి.”

“నీ చేతిల ప్లయరు పెడితె పాము తోక పట్టినట్టు పట్కుంటవ్.”

“నువ్వు చదివితే పాము కాటేసినట్టు నీలుగుతావు. సరిపోయింది.”

ఇద్దరూ పకపకా నవ్వారు. ఆ నవ్వులోనే ఒప్పందం కుదిరిపోయింది. షరతులు రెండు. నర్మద ఎంతసేపు తడబడినా దివ్యశ్రీ తెలుగులో అర్థం చెప్పకూడదు. దివ్యశ్రీ ఎంత అవస్థ పడినా నర్మద చెయ్యి పెట్టకూడదు.

మర్నాటి నుంచి మొదలైంది సందడి. నర్మద ఉండేది చాదర్‌ఘాట్‌లో. అక్కడి నుంచి కాలేజీకి రోజూ బస్సెక్కేది, ఆ మూడు వారాలూ బస్సు మానేసి నడిచింది. కోఠి దాటాక దివ్యశ్రీ కలిసేది. ఇక దారిలో ఇంగ్లీషు బోర్డులు చదివే వేట. ట్రూప్ బజార్‌లో ఎలక్ట్రికల్ దుకాణాల వరస మొత్తం రెండు రోజులు మింగింది. వైర్స్, కేబుల్స్, స్విచెస్. చేతిలో పెట్టుకుని పెరిగిన సామాన్లు పేర్లు చెప్పుకుని పలకరిస్తున్నట్టుంటే నర్మదకు ఒళ్లు ఝల్లుమంది. కౌంటర్ల మీద ‘ప్లీజ్ చెక్’ అని మొదలయ్యే బోర్డు ఒకటి ప్రతి దుకాణంలోనూ ఉంది. పదో దుకాణానికి వచ్చేసరికి దాన్ని చూడకుండానే చదివింది. గన్‌ఫౌండ్రీలో డాక్టరు గుమ్మం ముందు ‘రిమూవ్ ఫుట్‌వేర్’ దగ్గర పావుగంట నిలబడింది. లోపలికి పోతున్న ముసలాయన ఒకాయన ఈ పిల్లకు దిష్టి తగిలిందేమోనని జాలిపడి పోయాడు. విప్పమంటున్నారు, చెప్పులు విప్పమంటున్నారు అని అర్థం కాగానే నర్మద రోడ్డు మీదే గంతేసింది.

ఆదివారం ఆబిడ్స్‌లో షాపుల షట్టర్లు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుచుకుంటాయి. అక్కడ గుట్టల్లో వెతికి వెతికి, అట్ట ఊడిన పాత లిఫ్టు పుస్తకం ఒకటి పట్టుకున్నారు. బొమ్మలు చూసి నర్మద అక్కడే చతికిలబడింది. తలుపు తలుపుకూ, మూసుకోగానే కరెంటు కలిపే కాంటాక్టు ఒకటి, అన్నీ ఒకే తీగ మీద పూసల్లా వరసగా. ఏ ఒక్క తలుపు సరిగ్గా పడకపోయినా తీగ తెగినట్టే, డబ్బా కదలదు. పదమూడేళ్లప్పుడు ఎవరూ చెప్పని జవాబు అదిగో, బొమ్మ కింద మూడు లైన్లలో ఉంది. ఆ మూడు లైన్లూ చదవడానికి గంటన్నర పట్టింది. దివ్యశ్రీ పెదవులు కొరుక్కుంటూ కూర్చుందే తప్ప ఒక్క మాట అందించలేదు. చివరి మాట కూడగట్టుకుని నర్మద తలెత్తేసరికి కళ్లలో నీళ్లున్నాయి. అంత సంతోషం ఆమెకు పదో తరగతి ప్యాసైనప్పుడు కూడా కలగలేదు.

నర్మద తండ్రి బాలమల్లు, ఇంట్లోవాళ్లను పట్నం తెచ్చుకోకముందు నుంచే బేగం బజార్‌లో హమాలీ. ఒకరోజు మధ్యాహ్నం ఆయనకు అన్నం గిన్నె ఇవ్వడానికి వెళ్లి, పేర్చిన అట్టపెట్టెల మీద ఉన్నవన్నీ పైకి చదవడం మొదలుపెట్టింది. ఈ పక్క పైకి ఉండాలని, తడవకూడదని, జాగ్రత్తగా దించాలని. చుట్టూ ఉన్న హమాలీలు తినడం ఆపి చూశారు. బాలమల్లు ముద్ద చేతిలోనే పట్టుకుని విన్నాడు.

“గొడుగు బొమ్మ ఉంటె తడ్వద్దని, గ్లాసు బొమ్మ ఉంటె పలుగుతదని నాకు ఎర్కనే బిడ్డా,” అన్నాడు. “పక్కన గీ అక్షరాలు ఏం చెప్తున్నయో ఇరవై ఏండ్ల సంది ఎర్క లేకుండె.”

ఆ సాయంత్రం దాకా ఆయన వీపు మీద పెట్టె పెట్టినవాళ్లందరికీ అది ఏ పక్క పైకి ఉండాలో తానే చదివి చెప్పినట్టు చెప్పాడట.

గన్‌ఫౌండ్రీలో మరో యుద్ధం. దివ్యశ్రీ తన ఇంట్లో టేబుల్ ఫ్యాను, మిక్సీ, కాలింగ్ బెల్లు వరసగా విప్పి పోసింది. మిక్సీ తిరిగి బిగించాక రెండు స్క్రూలు మిగిలాయి. అయినా అది తిరిగింది, కాకపోతే వంటగదంతా తిరిగింది. వాళ్లమ్మ జానకి పప్పు గిన్నె పట్టుకుని హాల్లోకి పారిపోయి, కూతురి చదువు ఇంకో రెండు వారాలు సాగితే తాను పుట్టింటికి పోతానంది. నర్మద చేతులు వెనక్కి కట్టుకుని, నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుని ఏడ్చినంత పని చేసింది. మూడో వారంలో దివ్యశ్రీ చెప్పులు లేకుండా నేల మీద నిలబడి, మెయిన్ ఆపి, స్విచ్‌బోర్డు విప్పి, కాలిపోయిన సాకెట్టు మార్చి, మెయిన్ వేసింది. బల్బు వెలిగింది. ఆమె అరిచిన అరుపుకి పక్కింటివాళ్లు షాక్ కొట్టిందేమోనని పరుగెత్తుకొచ్చారు. అరచేతిలో బొబ్బను రెండు రోజులు అందరికీ చూపించుకుని తిరిగింది.

పరీక్ష రోజు శనివారం. ఆబిడ్స్‌లో కంపెనీ శిక్షణ కేంద్రం, మూడో అంతస్తు. రకరకాల కాలేజీల నుంచి ఇరవై ఆరు మంది వచ్చారు. ఒక్కొక్కరికీ ఒక బల్ల, బల్ల మీద లిఫ్టు పద్ధతిలో కట్టిన చిన్న బోర్డు: నాలుగు తలుపుల కాంటాక్టులు, ఒక రిలే, ఒక బుల్లి మోటారు. పక్కన తీగ ఎక్కడ తెగిందో చూపించే మీటరు, పనిముట్ల పెట్టె, వైరు ముక్కలు. బల్లకు బల్లకు మధ్య అట్ట గోడలు. గది చివర కుర్చీలో కంపెనీ సర్వీసు ఇంజనీరు రామచంద్రమూర్తి. కళ్లద్దాలు ముక్కు మీదికి జారినా సర్దుకోని మనిషి. రెండు గంటల సమయం అని చెప్పి, అందరికీ కాగితాలు పంచి కూర్చున్నాడు.

కాగితం చూడగానే నర్మదకు అలవాటు కొద్దీ ఎడమ పక్కకు తల తిరిగింది. అక్కడ దివ్యశ్రీ లేదు, అట్ట గోడ ఉంది. వేలు పెట్టి మొదటి లైను పట్టుకుంది. పెదవులు కదిలాయి. సప్లయ్ ఆన్ చెయ్యి. రెండో లైను. మోటారు తిరగదు. మూడో లైను దగ్గర ఒక పెద్ద మాట అడ్డం పడింది. వదలలేదు. ముక్కలు చేసి, ముక్కలు కలిపి, మళ్లీ మొదటి నుంచి వచ్చింది. కారణం కనిపెట్టు అంటున్నారు. నాలుగో లైను, బాగు చెయ్యి. ఐదో లైను, చేసిందేమిటో కింది గడిలో రాయి. అంతే. చదివేసింది! తానొక్కతే, ఎవరూ చెప్పకుండా, అట్ట గోడల మధ్య కూర్చుని చదివేసింది. ఆ పొంగులో ఆమెకు పరీక్ష అయిపోయినట్టే అనిపించింది.

ఇక చేతులను ఆపేదెవరు? వర్క్‌షాపులో ఇలాంటిది వస్తే అందరూ చేసేది ఒకటే. వైరు ముక్క ఒకటి తీసుకుని ఒక్కో కాంటాక్టు రెండు కొసలనూ నేరుగా కలిపేసి షార్టు చేసుకుంటూ పోవడం. ఎక్కడ మోటారు తిరిగితే అక్కడ జబ్బు. మొదటి తలుపు, తిరగలేదు. రెండోది, తిరగలేదు. మూడో తలుపు మీద వైరు పెట్టగానే బుల్లి మోటారు ఝుమ్మని లేచింది. వెంటనే సప్లయ్ ఆపి, వైరు పీకి, ఆ కాంటాక్టు విప్పింది. స్క్రూ వదులు, లోపల మసి. తుడిచి బిగించి సప్లయ్ వేసింది. మోటారు తిరిగింది. గోడ గడియారం చూస్తే పావుగంట కూడా కాలేదు. పక్క బల్లల దగ్గర ఇంకా కాగితాల చప్పుడే. నర్మద ఛాతీలో ఎవరో డప్పు కొడుతున్నట్టుంది.

ఐదో లైను చెప్పినట్టు గడిలో రాయాలని కాగితం దగ్గరికి లాక్కుంది. ఫ్యాను గాలికి కాగితం లేచి బోర్లా పడింది. వెనక పక్కన కూడా అచ్చు ఉంది. నిరుటి సివిక్స్ ప్రశ్నలేమోనని నవ్వొచ్చింది. నవ్వుతూనే, ఇప్పుడు తనకు చదవడం వచ్చు కదా అన్న మురిపెంతోనే వేలు పెట్టింది.

డోర్. కాంటాక్ట్. మస్ట్ నాట్. బి. షార్టెడ్.

ఆ ఐదు ముక్కల్లో ఒక్కటీ తెలియనిది కాదు. నత్తి రాలేదు, ఎక్కడా ఆగలేదు. తలుపు కాంటాక్టును షార్టు చేయకూడదు. ఇంకా కిందికి చదివింది. మీటరుతోనే వెతకాలి. నర్మద చూపు పక్కకు తిరిగింది. వైరు ముక్క బల్ల మీద అమాయకంగా పడి ఉంది. ఫుట్‌పాత్ మీద గంటన్నర కూర్చుని చదివిన మూడు లైన్లు కళ్ల ముందుకొచ్చాయి. ఆ వైరు ముక్క నిజం లిఫ్టులో ఉండిపోతే తలుపు తెరిచి ఉండగానే డబ్బా కదులుతుంది. గడప మీద కాలు పెట్టినవాళ్ల సంగతి ఏమిటి?

తల తిప్పి చూసింది. అట్ట గోడలు. రామచంద్రమూర్తి ఏదో రాసుకుంటున్నాడు. ఎవరూ చూడలేదు. వైరు పీకేసింది, బోర్డు మీద మచ్చ కూడా లేదు, మోటారు చక్కగా తిరుగుతోంది. గడిలో ‘థర్డ్ డోర్ లూజ్’ అని మూడు ముక్కలు రాసి ఇచ్చేస్తే అందరికంటే ముందు పూర్తి చేసినట్టు. వైరు పెట్టిన సంగతి రాసిందంటే తన వేలితో తన కన్ను పొడుచుకున్నట్టు. నలుగురికే చోటు.

నర్మదకు కోపం వచ్చింది. కాగితం మీద కాదు, తన మీద కూడా కాదు, కొత్తగా వచ్చిన చదువు మీద. చదవడం రానప్పుడు ఎంత హాయిగా ఉండేది! వెనక పక్క ఏముందో తెలియకుండా ఇంటికి పోయి నిద్రపోయేది. ఇప్పుడు తెలిసింది. తెలిసినదాన్ని తెలియనట్టు ఎలా మింగుతుంది?

పెన్ను తీసుకుంది. రెండేళ్లలో ఒక్క ఇంగ్లీషు వాక్యం సొంతంగా రాయలేదు. మాటలు ఎక్కడి నుంచి తెస్తుంది? దారిలో ఉన్నాయి. కళ్లు మూసుకుని ట్రూప్ బజార్ మీదుగా నడిచింది. దుకాణం బోర్డు మీది వైరు. డాక్టరు గుమ్మం ముందున్న రిమూవ్. నాయనమ్మ మందుబిళ్లల మీద ఉండే ఆఫ్టర్. కౌంటర్ల మీది ప్లీజ్ చెక్. ఒక్కొక్కటీ తెచ్చి గడిలో పెట్టింది. ఐ పుట్ వైర్ ఆన్ థర్డ్ డోర్. ఐ సీ బ్యాక్ పేజ్ ఆఫ్టర్. ఐ రిమూవ్ వైర్. ప్లీజ్ చెక్. రాయడానికి ముప్పావుగంట పట్టింది. ఆ తరువాత మళ్లీ సప్లయ్ ఆపి, మీటరు పట్టుకుని నాలుగు తలుపులూ మొదటి నుంచి చూసుకుని, కాగితం ఇచ్చి బయటికి వచ్చేసింది.

దివ్యశ్రీ రెండు గంటలూ పూర్తయ్యాక బయటికి వచ్చింది, జుట్టు రేగిపోయి, ముక్కు మీద మసితో. ముందు కాగితం రెండు పక్కలా చదివిందట, మీటరుతో ఒక్కో తలుపూ చూస్తూ తడబడి రెండుసార్లు మొదటికొచ్చిందట, స్క్రూ బిగించడానికే అరగంట పట్టిందట, కానీ తిరిగిందే, మోటారు తిరిగిందే అని నర్మద భుజాలు పట్టుకుని ఊపేసింది. నర్మద తన సంగతి చెప్పగానే ఆ చేతులు ఆగిపోయాయి. రాయకుండా ఉండాల్సిందని మాత్రం అనలేదు.

గంట తర్వాత నర్మదను లోపలికి పిలిచారు. రామచంద్రమూర్తి ముందు ఆమె కాగితం ఉంది.

“ఇది నువ్వే రాశావా అమ్మా?”

“ఔ సార్.”

“మీటరుతో వెతకాల్సింది వైరుతో వెతికావు. దానికి మార్కులు కోసేశాను, అందులో మాట లేదు,” అన్నాడు. నర్మద తల వంచుకుంది. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. “ఇక్కణ్ణుంచి అన్ని బోర్డుల మోటార్లూ నాకు వినబడతాయి. స్క్రూడ్రైవర్ చప్పుడు రాకముందే మోటారు తిరిగిందంటే వైరు పెట్టినట్టే. పదకొండు మంది పెట్టారు. కాగితం మీద రాసింది నువ్వొక్కదానివే.”

ఆ తరువాత ఆయన లిఫ్టు పని ఎలా నడుస్తుందో చెప్పాడు. లిఫ్టు మీద ఒకరు పొద్దున పని చేస్తారట, ఇంకొకరు మధ్యాహ్నం చేస్తారట. ఇద్దరూ కలవరు. మధ్యన ఉండేది ఒక పుస్తకం, లాగ్‌బుక్. ముందు మనిషి ఏం విప్పాడో, ఏం తగిలించాడో అందులో రాస్తే తరువాత మనిషి చదువుకుని పైకెక్కుతాడు.

“రాసినవాడు దాచినా, వచ్చినవాడు చదవలేకపోయినా, పైకెక్కినవాడు దిగడు,” అన్నాడు. “నీ ఇంగ్లీషులో తప్పులున్నాయి. అబద్ధం లేదు. తప్పులు మేం దిద్దుకుంటాం.”

బుధవారం నోటీసు బోర్డు మీద జాబితా పడింది. ఈసారి సారు చదవబోతుంటే నర్మద అడ్డుపడి తానే చదివింది. రెండో పేరు దివ్యశ్రీ. నాలుగో పేరు తనది. చివరి పేరు. దాన్ని మూడుసార్లు చదివింది, ఎవరూ కాదనలేదు. దివ్యశ్రీ వర్క్‌షాపు బెంచీ ఎక్కి గంతులేస్తే రాఘవేంద్ర సారు కేకలేయకుండా కళ్లు తుడుచుకున్నారు. మర్నాడు ఆయన జోడీల పట్టిక గోడ మీది నుంచి పీకి, ప్రతి బోర్డు దగ్గరా ఒకరోజు నోరు, ఒకరోజు చేయి అని కొత్తది రాసి అంటించారు. పని కాగితాలకు మాత్రం తెల్ల కాగితం దొరకలేదు. ‘వెనక కూడా చూడుము’ అని కింద ఒక ముద్ర వేయించారు.

నెల తిరిగింది. కంపెనీ ఇద్దరినీ చెరో సీనియరు మెకానిక్ కింద వేసింది. దివ్యశ్రీ పొద్దుటి షిఫ్టు, నర్మద మధ్యాహ్నం షిఫ్టు. ఒకరు దిగేసరికి ఒకరు ఎక్కడం. ఫోన్లో తప్ప ముఖాలు చూసుకోవడం లేదు. నర్మదకు ఎడమ పక్క ఇంకా ఖాళీగానే ఉండేది.

ఆ రోజు ఆబిడ్స్‌లో ఒక ఆరంతస్తుల పాత కాంప్లెక్సు. సీనియరు మెకానిక్ అంజన్ మేడ మీది మెషీన్ రూము తాళం తీసి, మేకుకు వేలాడుతున్న లాగ్‌బుక్ నర్మద చేతికిచ్చాడు.

“పొద్దుగాలటోళ్లు ఏం జేసిన్రో చదువు,” అన్నాడు.

నర్మద పేజీ తిప్పింది. గుండ్రని అక్షరాలు. రెండేళ్లు తన చెవి పక్కన చదివిన గొంతు ఆ అక్షరాల్లోంచి వినబడ్డట్టయింది. వేలు పెట్టి, పైకి, అంజన్‌కు వినబడేట్టు చదివింది. మూడో అంతస్తు తలుపు కాంటాక్టు వదులుగా ఉండింది. నా చేత్తో బిగించాను. షార్టు చేయలేదు. ప్లీజ్ చెక్. కింద దివ్యశ్రీ సంతకం.

లిఫ్టు ఆపి మూడో అంతస్తుకు మెట్లు దిగింది. మీటరు పెట్టింది. బాగుంది. అయినా స్క్రూడ్రైవర్ తీసి ఆ స్క్రూ మీద పెట్టి తిప్పి చూసింది. కదల్లేదు. ఇంకొంచెం బలం పెట్టింది. వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

నర్మద ఖాళీ వరండాలో నిలబడి గట్టిగా నవ్వింది. తిరిగి మేడ మీదికి మూడేసి మెట్లు ఎక్కి, లాగ్‌బుక్ తెరిచి, ఆ గుండ్రని అక్షరాల కింద తన వంకర అక్షరాలతో రాసింది. చెక్డ్. టైట్. నర్మద.